పక్షుల చెరువుకు హద్దు ఎక్కడ?

మీ ఊళ్ళో పార్కు ఎవరిది? ఈ ప్రశ్న అడిగితే మీలో చాలామంది "అందరిదీ" అంటారు. మంచి సమాధానమే. అయితే ఇంకొక ప్రశ్న. ఆ పార్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? చుట్టూ గోడ ఉంటే గోడను చూపిస్తారు. గోడ లేకపోతే? ఒకవేళ ఉన్నా, అది సరైన చోటే కట్టారని ఎలా తెలుస్తుంది?

సొంత పొలం సంగతి వేరు. రైతు రోజూ గట్టు మీద నడుస్తాడు. పక్క పొలం వాళ్ళు ఒక్క చాలు ఇవతలికి దున్నితే ఆ సాయంత్రమే కనిపెడతాడు. అందరి స్థలానికి అలా రోజూ గట్టు చూసుకునే మనిషి ఉండడు. దానిని కాపాడేవి రెండే: నేల మీద రాయి, కాగితం మీద అంకె. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతేనే పార్కయినా, చెరువయినా, ఆటస్థలమయినా నిలుస్తుంది. ఇది ఎలాగో నెల్లూరు తీరంలో ఉన్న ఒక పక్షుల చెరువును ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం.

ఒక మీటరు ఖరీదు

నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే పెద్దరోడ్డు మీద నాయుడుపేట దాటాక, సూళ్ళూరుపేట రాకముందు దొరవారిసత్రం వస్తుంది. అక్కడికి దగ్గరలోనే నేలపట్టు అనే ఊరు ఉంది. ఆ ఊరి చెరువులో బారింగ్టోనియా జాతి చెట్లు నీళ్ళలోనే నిలబడి పెరుగుతాయి. ఏటా వానలు పడి చెరువు నిండాక గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వచ్చి ఆ కొమ్మల మీద గూళ్ళు కడతాయి. గూడబాతు అంటే ముక్కు కింద సంచి వేలాడే పెలికాన్ పక్షి. పిల్లలకు మేత తేవడానికి అవి పులికాట్ సరస్సు వరకూ ఎగిరి వెళతాయి.

ఈ చోటును 1976లో ప్రభుత్వం పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. దీని విస్తీర్ణం 458.92 హెక్టార్లు. ఎకరాలలో చెప్పాలంటే దాదాపు 1,134 ఎకరాలు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. అభయారణ్యం నిజంగా చదరంగా ఉండదు. లెక్క తేలికగా ఉండటానికి చదరమనే అనుకుందాం. 458.92 హెక్టార్లంటే 45,89,200 చదరపు మీటర్లు. దీని వర్గమూలం సుమారు 2,142 మీటర్లు. అంటే ఒక్కొక్క భుజం రెండు కిలోమీటర్ల పైన, చుట్టుకొలత దాదాపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు.

ఈ హద్దు చుట్టూతా ఒక్క మీటరు లోపలికి జరిగిందనుకోండి. ఒక మీటరు ఎంత? మీరు వేసే పెద్ద అంగ కంటే కాస్త ఎక్కువ. ఎవరూ గమనించరు. కాని ఎనిమిదిన్నర కిలోమీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల నేల సుమారు 8,500 చదరపు మీటర్లు. అంటే రెండెకరాల పైమాట! నిజమైన హద్దు వంకరటింకరగా ఉంటుంది కనుక, అదే విస్తీర్ణానికి చుట్టుకొలత ఇంకా ఎక్కువే అవుతుంది. పోయే నేలా ఎక్కువే అవుతుంది.

హద్దు లోపలికి జరిగితే పక్షులకు నష్టం. బయటికి జరిగితే? అంచున రెండెకరాలున్న చిన్న రైతు నేల మొత్తం అభయారణ్యం పటంలోకి వచ్చేస్తుంది. ఆయన చేయని తప్పుకు ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాబట్టి హద్దు సరిగా ఉండటం ఒక్క పక్షుల కోసమే కాదు, పక్కవాళ్ళ కోసం కూడా.

పోరంబోకు తిట్టు కాదు

ఊళ్ళో ఎవరినైనా తిట్టడానికి "పోరంబోకు" అనడం వినే ఉంటారు. నిజానికి అది తిట్టు కాదు, భూమి లెక్కల్లోని మాట. తమిళంలో "పుఱం" అంటే బయట. సాగు చేసి శిస్తు కట్టే భూముల లెక్కకు బయట ఉన్న నేల పోరంబోకు. చెరువు పోరంబోకు, బాట పోరంబోకు, వాగు పోరంబోకు, శ్మశానం పోరంబోకు, ఇలా ఎన్నో రకాలు. వీటికి శిస్తు లేదు. ఎందుకంటే ఇవి ఏ ఒక్కరివీ కావు, ఊరందరి అవసరానికి విడిచినవి.

శిస్తు రాని నేల కనుక పనికిరాని నేల అని కొందరు అనుకున్నారు. ఆ మాట చివరికి పనీపాటా లేని మనిషికి తిట్టుగా మారింది. కాని ఒక్కసారి ఆలోచించండి. ఊరి నీళ్ళు నిలిచేదీ, పశువులు నడిచేదీ, పిల్లలు ఆడేదీ ఆ నేల మీదనే. 2011లో సుప్రీం కోర్టు పంజాబుకు చెందిన ఒక ఊరి చెరువు కేసులో తీర్పు ఇస్తూ, గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

పట్నంలో పార్కుల సంగతీ ఇంతే. మన రాష్ట్రంలో పెద్ద స్థలాన్ని ఇళ్ళ ప్లాట్లుగా విడగొట్టేటప్పుడు నూటికి పది వంతులు ఖాళీగా విడిచి, పురపాలక సంఘానికో పంచాయతీకో అప్పగించాలన్న నియమం ఉంది. చాలా కాలనీలలో పార్కులు అలా వచ్చినవే. బెంగళూరులో పార్కు కోసం విడిచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చినప్పుడు, అది చెల్లదని 1991లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ స్థలం పార్కు కోసమని పథకం కాగితాలలో స్పష్టంగా ఉండబట్టే కాలనీవాసులు వాదించగలిగారు.

ఎవరిది, ఎక్కడ, ఎందుకు?

అందరి స్థలం గురించి రాసిపెట్టుకోవలసిన విషయాలు మూడు. అది ఎవరిది? ఎక్కడిదాకా? ఎందుకోసం?

మొదటి ప్రశ్న తేలికగా కనిపిస్తుంది గాని తేలిక కాదు. ఒకే చెరువును తీసుకోండి. భూమి ప్రభుత్వానిది. తూములు, కట్ట నీటిపారుదల శాఖ చూస్తుంది. పక్షులను అటవీశాఖ చూస్తుంది. ఆ నీళ్ళతో పండించే హక్కు ఆయకట్టు రైతులకు ఉంటుంది. చేపలు పట్టే హక్కు మరొకరికి ఉండవచ్చు. పొలాలకు వెళ్ళే బాట ఒకటి కట్ట మీదుగా పోతూ ఉండవచ్చు. "ప్రభుత్వ భూమి" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఇవన్నీ మరుగున పడతాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ సంగతి గుర్తించింది. ఒక చోటును అభయారణ్యంగా ప్రకటించాక, అక్కడ ఎవరికి ఏ హక్కులున్నాయో కలెక్టరు విచారించాలి. చుట్టుపక్కల ఊళ్ళలో స్థానిక భాషలో ప్రకటన చేయాలి. హక్కు ఉన్నవాళ్ళు రెండు నెలల లోపల రాతమూలకంగా తెలపాలి. ఎవరి మాట ఏమిటో రాసిపెట్టాకే హద్దులు గట్టిపడతాయి.

ఆ చట్టంలో మరొక తమాషా ఉంది. మొదటి ప్రకటనలో హద్దులను రోడ్లు, నదులు, గుట్టలు వంటి అందరికీ తెలిసిన గుర్తులతో చెప్పినా చాలునట! ఇది పాతకాలం పద్ధతే. రాజులు భూమి దానం చేసిన శాసనాలలో కూడా తూర్పున ఫలానా చెట్టు, దక్షిణాన ఫలానా వాగు అని హద్దులు చెప్పేవారు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి అనే ఇద్దరు సేకరించి 1905లో పుస్తకాలుగా అచ్చువేయించారు. చెట్టు గుర్తు మంచిదే, చెట్టు ఉన్నంతవరకు! చెట్టు పడిపోతే? వాగు దారి మార్చుకుంటే? అందుకే గుర్తుతో పాటు కొలత కావలసి వచ్చింది.

పోయిన రాయిని కనిపెట్టడం

మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంటు వద్ద 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ సుమారు 12 కిలోమీటర్ల పొడవైన ఒక గీతను కొలవడం మొదలుపెట్టాడు. దేశాన్నంతా పెద్ద పెద్ద త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేకు అదే పునాది. ఆ తరువాత, ఆ శతాబ్దం రెండో సగంలో, ఊరూరా పొలాల కొలత జరిగింది. అప్పటి పనిముట్లలో ముఖ్యమైనవి రెండు: గొలుసు, లంబకోణం చూపించే క్రాస్‌స్టాఫ్.

గొలుసు పొడవు 66 అడుగులు. అందులో 100 లింకులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల చదరం 4,356 చదరపు అడుగులు, అంటే సరిగ్గా పది సెంట్లు. అలాంటివి పది కలిస్తే ఎకరం. ఎంత తెలివైన కొలతో చూశారా?

క, గ, చ, జ అనే నాలుగు మూలలున్న స్థలం ఒకటి ఉందనుకుందాం. క నుంచి చ కు కర్ణం 500 లింకులు. ఆ కర్ణం మీద క నుంచి 200 లింకులు నడిచి, కుడివైపు లంబంగా 180 లింకులు వెళితే గ మూల వస్తుంది. ఎడమవైపు జ మూలకు లంబం 220 లింకులు. మీ లెక్కల పుస్తకంలోని సూత్రమే వేయండి. కర్ణంలో సగం, లంబాల మొత్తంతో గుణిస్తే, 250 × 400 = 1,00,000 చదరపు లింకులు. అంటే సరిగ్గా ఎకరం.

సర్వేయరు ఈ అంకెలను కొలతల పుస్తకంలో బొమ్మ గీసి రాస్తాడు. దానినే ఎఫ్.ఎం.బి. అంటారు. ఇక అసలు విచిత్రం చూడండి. పాతికేళ్ళ తరువాత గ మూలలో రాయి కనిపించలేదు. దున్నేటప్పుడు పోయిందో, ఎవరైనా పీకేశారో తెలియదు. ఏం చేయాలి? క, చ రాళ్ళ మధ్య తాడు లాగండి. క నుంచి 200 లింకులు కొలవండి. కుడివైపు లంబంగా 180 లింకులు వెళ్ళండి. రాయి అక్కడ ఉండాలి!

సరిచూసుకునే మార్గం కూడా ఉంది. పైథాగరస్ సూత్రం ప్రకారం క నుంచి గ కు దూరం 269 లింకులు, గ నుంచి చ కు 350 లింకులు రావాలి. రెండు దూరాలూ సరిపోతే సందేహం లేదు. రాయి పోయినా హద్దు పోలేదు, ఎందుకంటే అది అంకెలలో భద్రంగా ఉంది.

ఇంతకీ హద్దురాయిని చూసుకోవలసినది ఎవరు? 1923లో వచ్చిన సర్వే, హద్దుల చట్టం ఆ బాధ్యతను భూమిదారు మీద పెట్టింది. రైతు తన రాళ్ళు తాను చూసుకుంటాడు. అందరి స్థలానికి ఆ పని ఒక ఆఫీసు చేయాలి, ఏడాదికొకసారైనా మనిషిని పంపి రాళ్ళు లెక్కపెట్టించాలి. ఆ ఊరివాళ్ళూ ఒక కన్ను వేసి ఉంచాలి.

గీత ఎంత లావు?

"ఇంత కష్టమెందుకు? పటం చూస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. పాత గ్రామపటాలు సాధారణంగా 16 అంగుళాలకు ఒక మైలు చొప్పున గీసినవి. అంటే పటం మీద ఒకటి, నేల మీద 3,960. పటం మీద పెన్సిలు గీత ఒక మిల్లీమీటరు లావుంటే, నేల మీద అది దాదాపు నాలుగు మీటర్లు! ఒక మీటరుకు రెండెకరాలని ఇందాకనే లెక్క కట్టాం. మరి నాలుగు మీటర్ల లావు గీతలో ఏ అంచును హద్దనాలి?

పైగా పాత పటం ఎండకు, తేమకు కాస్త సాగుతుంది, కాస్త కుంచించుకుపోతుంది. పక్కపక్క ఊళ్ళ పటాలను కలిపి చూస్తే కొన్నిచోట్ల ఒకదానిమీదికొకటి ఎక్కుతాయి, కొన్నిచోట్ల మధ్యలో సన్నని చీలిక మిగిలిపోతుంది. ఆ చీలిక ఏ ఊరిదీ కాదు. అలాంటి చోట్లనే తగాదాలు పుడతాయి. కాబట్టి పటం దారి చూపిస్తుంది, తీర్పు చెప్పేది మాత్రం కొలత.

ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో కొలుస్తున్నారు. మీ ఇంట్లో ఫోను కూడా ఉపగ్రహాల సంకేతాలతోనే తానున్న చోటు చెబుతుంది. కాని అందులో కొన్ని మీటర్ల తేడా వస్తుంది. ఐదు మీటర్ల తేడా అంటే మన లెక్కలో పదెకరాలు! ఈ తేడాను తగ్గించడానికి ఒక ఉపాయం ఉంది. తాను సరిగ్గా ఎక్కడున్నదో ముందే తెలిసిన ఒక కేంద్రాన్ని కదలకుండా స్థాపిస్తారు. ఉపగ్రహ సంకేతాలు ఆ కేంద్రానికి చెప్పే చోటుకు, నిజమైన చోటుకు తేడా ఎంతో అది క్షణక్షణం లెక్క కడుతుంది. అదే సవరణను దగ్గరలో సర్వేయరు చేతిలో ఉన్న పరికరానికి పంపుతుంది. దాంతో తప్పు కొన్ని సెంటీమీటర్లకు దిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వేలో ఈ పద్ధతినీ, పైనుంచి ఫోటోలు తీసే డ్రోన్లనూ వాడారు.

కదిలే హద్దులు

తీరంలో మరో చిక్కు ఉంది. ఇక్కడ నీళ్ళు చెప్పినట్టు వినవు. పులికాట్ సరస్సు వానాకాలంలో విశాలంగా పరచుకుంటుంది, ఎండాకాలంలో అంచులు ఎండి ఉప్పునేల బయటపడుతుంది. పెన్న, స్వర్ణముఖి నదులు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు రూపు మార్చుకుంటూనే ఉంటాయి. మైపాడు తీరంలో అల ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి చూడండి. గంటకు ఆ గీత ఉండదు.

ఇలాంటి చోట "నీటి అంచు" అంటే ఏ రోజు అంచు? అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు బాగా ఎక్కువగా వస్తుంది. అప్పుడు నీరు నేల మీద ఎంత పైదాకా వస్తుందో ఆ గీతను పోటు గీతగా తీసుకుంటారు. 1991లో కేంద్ర ప్రభుత్వం తీర రక్షణ నియమాలు చేసినప్పుడు ఆ గీత నుంచి 500 మీటర్ల వరకు ఉన్న మేరను ప్రత్యేకంగా గుర్తించింది. చెరువుకయితే నిండా నిండినప్పటి నీటి మట్టం కొలత. ఎండాకాలంలో చెరువు ఎండి బీడులా కనిపించినా, ఆ మట్టం వరకు ఉన్న నేల చెరువుదే. గూడబాతులు గూడు కట్టే చెట్ల కింద ఏటా కొన్ని నెలలు నీళ్ళుండవు. అంతమాత్రాన అది ఖాళీ స్థలం కాదు.

అందువల్ల ఇటువంటి హద్దుకు అంకెతో పాటు తేదీ కూడా రాయాలి. ఎప్పుడు కొలిచారు, ఏ మట్టం దగ్గర కొలిచారు అన్నది లేకపోతే ఆ అంకెకు సగం విలువే.

పేరు మారినా నేల మారదు

నేలపట్టు 1976లో అభయారణ్యమైనప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. పక్షులకు ఈ సంగతి తెలియదు. హద్దురాయి అంగుళం కదలలేదు. కాని కాగితాలకు మాత్రం పెద్ద మార్పే. పాత ఫైళ్ళ మీద ఒక జిల్లా పేరు, కొత్తవాటి మీద ఇంకో జిల్లా పేరు. ఇంతకు ముందు ఊరి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. 1984లో కరణం పదవులు రద్దయ్యాయి. కొలతలు లింకుల నుంచి మీటర్లకు, ఎకరాల నుంచి హెక్టార్లకు మారాయి. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు బదులు కొత్త నంబరు వచ్చింది.

మారడంలో తప్పు లేదు. పాతదానికీ కొత్తదానికీ మధ్య తాడు తెగిపోతేనే ప్రమాదం. అందుకే "పాత నంబరు ఇది, కొత్త నంబరు ఇది" అని చూపే పట్టిక ఉండాలి. ప్రతి మార్పు పక్కనా తేదీ, ఎవరి ఉత్తర్వుతో జరిగిందో ఉండాలి. పాత అంకెను చెరిపి కొత్తది రాయకూడదు, పాతదానిని ఉంచి దాని కింద కొత్తది రాయాలి. కంప్యూటరులో పెట్టినా ఇదే సూత్రం. ఇప్పుడు మన దేశంలో ఒక్కొక్క భూమి ముక్కకు, దాని అక్షాంశ రేఖాంశాలను బట్టి, 14 స్థానాల గుర్తింపు సంఖ్య ఇచ్చే ఏర్పాటు వచ్చింది. జిల్లా పేరు మారవచ్చు, మనుషులు మారవచ్చు. భూమి మీద ఆ చోటు మాత్రం మారదు గదా!

మీరూ చేసి చూడండి

మీ బడి ఆటస్థలంలో నాలుగు మేకులు పాతి క, గ, చ, జ అని పేర్లు పెట్టండి. ఒక పొడవాటి తాడుకు సమాన దూరాలలో ముడులు వేసి, 3, 4, 5 భాగాల భుజాలతో త్రిభుజంగా లాగండి. 3, 4 భుజాలు కలిసే మూల లంబకోణం అవుతుంది. అదే మీ క్రాస్‌స్టాఫ్. క నుంచి చ కు కర్ణం కొలవండి. గ, జ మేకులకు లంబాలు కొలిచి, అవి కర్ణం మీద ఎక్కడ మొదలయ్యాయో కూడా ఒక నోటుపుస్తకంలో బొమ్మ గీసి రాయండి. కింద తేదీ వేయండి.

మరునాడు గ మేకు పీకేసి, గుంట పూడ్చి, ఆనవాలు లేకుండా చేయండి. నిన్న రాని స్నేహితుణ్ణి పిలిచి, పుస్తకం అతని చేతికివ్వండి. మీరు నోరు విప్పకూడదు! అతను పుస్తకం చూసి మేకు ఎక్కడ పాతుతాడో గమనించండి. పాత గుంటకు జానెడు లోపల పాతితే మీ పుస్తకం మంచిది. దూరంగా పాతితే పుస్తకంలో ఏం తక్కువైందో ఇద్దరూ కూర్చుని వెతకండి.

పుస్తకాన్ని పారేయకండి. మీ లెక్కల మాస్టారికి ఇచ్చి బడిలోనే దాచిపెట్టమనండి. ఆటస్థలం మూలల్లో ఉన్న నిజమైన హద్దురాళ్ళ కొలతలు కూడా అందులో చేర్చండి. వచ్చే ఏడాది మీ తరువాతి తరగతి వాళ్ళు మళ్ళీ కొలిచి, మీ అంకెల కింద తమ అంకెలు రాస్తారు.